పియర్ క్యూరీ: వేడిమియు, అయస్కాంతమును

గ్రంథాలయమునకు వచ్చు చదువరులలో మేడమ్ క్యూరీ పేరు వినని వారు అరుదు. రేడియము కథ పిల్లల వాచకములందు సైతము చోటు చేసికొన్నది. ఆ కథలో ఆమె భర్త పియర్ క్యూరీ మంచి తోడుగా, పొయ్యి ప్రక్క నిలుచుండు సహాయకునిగా మాత్రమే మనకు కానవచ్చును. ఇది ఆయనకు జరిగిన చిన్న అన్యాయమని నా అభిప్రాయము. రేడియము మాట పుట్టకముందే, వివాహము కాకముందే, ఆ మహనీయుడు ప్రకృతిలోని ఒక రహస్యమును ఛేదించి శాస్త్రలోకమున స్థిరమైన స్థానము సంపాదించెను. వేడిమి పెరిగిన కొలదియు పదార్థముల అయస్కాంత గుణము ఏమగుచున్నది అనునదే ఆ రహస్యము. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆయన జీవితమును స్మరించుటకు మరియొక కారణము కూడ కలదు. పియర్ క్యూరీ బాల్యమున బడి మెట్టు ఎక్కలేదు. తండ్రిగారి పుస్తకముల బీరువాయే ఆయనకు బడి.

ఆయన 1859 మే 15వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి యూజీన్ క్యూరీ వైద్యుడు. శాస్త్రపరిశోధనయందు ఎంతో మక్కువ యున్నను, సంసార భారము వలన వైద్యవృత్తినే నమ్ముకొనవలసి వచ్చిన వాడు. ప్రజాప్రభుత్వమును కోరిన వాడగుటచే 1848 నాటి విప్లవమున గాయపడెను. 1871లో పారిస్ కమ్యూన్ కలత చెలరేగినపుడు తన యింటినే వైద్యశాలగా మార్చి క్షతగాత్రులకు చికిత్స చేసెను. అప్పటికి పియర్ పండ్రెండేండ్ల బాలుడు. ధనము కంటె, బిరుదముల కంటె కర్తవ్యము మిన్నయను భావము ఆ యింట నోటితో చెప్పకయే నేర్పబడెను.

పియర్ మందబుద్ధి యని కొందరు తలచి యుండవచ్చును. ఒక విషయమునందు మనస్సు లగ్నమైనచో మరియొక దానికి దానిని త్రిప్పుట ఆ బాలునికి సాధ్యమయ్యెడిది కాదు. గంటకొక పాఠము చొప్పున మారు బడి చదువు ఇట్టివానికి హానియే చేయునని తలిదండ్రులు గ్రహించిరి. తొలుత తల్లి, పిమ్మట తండ్రి, అన్న జాక్ ఆయనకు చదువు చెప్పిరి. తండ్రితో పొలముల వెంట, అడవుల వెంట తిరిగి చెట్టుచేమల పేర్లు తెలిసికొనెను. ఇంటనున్న గ్రంథములను తన యిచ్చ వచ్చిన క్రమమున చదువుకొనెను. పదునాలుగవ యేట గణితము చెప్పుటకు ఒక మంచి ఉపాధ్యాయుడు లభించెను. అంతట ఆ నిదానపు బుద్ధి ఎంత లోతైనదో బయటపడినది. పదునారవ యేట పట్టపరీక్షకు ముందరి పరీక్షలోను, పదునెనిమిదవ యేట విజ్ఞానశాస్త్ర పట్టపరీక్షలోను ఆయన ఉత్తీర్ణుడయ్యెను.

పై చదువులకు ధనము లేదు. 1878లో సోర్బాన్ విశ్వవిద్యాలయమున ప్రయోగశాలా సహాయకుని ఉద్యోగమున చేరెను. అన్న జాక్ కూడ అట్టి ఉద్యోగమునందే యుండెను. అన్నదమ్ములిరువురును కలిసి 1880లో ఒక వింతను కనుగొనిరి. స్ఫటికము, టుర్మలీను వంటి కొన్ని పలుకురాళ్ళను తగిన దిక్కున నొక్కినచో వాని ముఖములపై విద్యుత్తు పుట్టును. మరుసటి యేట దీనికి విపర్యయమును గూడ ఋజువు చేసిరి. విద్యుత్తును ప్రసరింపజేసినచో ఆ రాయి రవంత సాగును, లేదా కుదించుకొనును. నేడు మన చేతి గడియారములలో కాలము నడుపు స్ఫటికపు పలుకు ఈ గుణము వలననే పని చేయుచున్నది. ఆ సోదరులు మాత్రము దీనిని ధనార్జనకు వాడుకొనలేదు. మిక్కిలి సూక్ష్మమైన విద్యుత్తును కొలుచు పరికరము నొకదానిని నిర్మించి తృప్తి చెందిరి. ఈ పరికరమును చదువరులు గుర్తుంచుకొనవలెను. కథలో మరల దీనితో పని గలదు.

కొలది కాలమునకు జాక్ మాంపెల్యే నగరమునకు ఉద్యోగరీత్యా తరలిపోయెను. పియర్ పారిస్ నగరపాలక సంఘము 1882లో స్థాపించిన పారిశ్రామిక భౌతిక రసాయన శాస్త్ర పాఠశాలయందు ప్రయోగముల పర్యవేక్షకుడుగా చేరెను. అచ్చట ఆయన ఇరువది రెండు సంవత్సరములు పని చేసెను. జీతము నెలకు సుమారు 300 ఫ్రాంకులు. నేర్పరియైన కర్మాగారపు పనివాని కూలి కంటె అది ఏమంత హెచ్చు కాదు. ఆయనకు సొంత ప్రయోగశాల లేదు. పగలెల్ల విద్యార్థుల ప్రయోగములతో సరిపోయెడిది. పాఠశాలాధిపతి ఆయనకు ప్రభుత్వ గౌరవచిహ్నమును ఇప్పింపదలచినపుడు, తనకట్టివి వలదని పియర్ వినయముతో తెలియజేసెను. స్ఫటికముల విషయమున చేసిన పని డాక్టరు పట్టమునకు చాలి యుండగా దానిని సమర్పించుటకు తీరిక చేసికొనలేదు. ఫ్రాన్సులో అంతగా తెలియని ఈ ఉపాధ్యాయుని పనిని బ్రిటనులోని లార్డ్ కెల్విన్ వంటి దిగ్దంతులు అప్పుడే గౌరవింపసాగిరి.

ఇట్టి పరిస్థితులలో, 1891 ప్రాంతమున, ఆయన అయస్కాంతము వైపు దృష్టి మరల్చెను.

అయస్కాంతమును ఎర్రగ కాల్చినచో దాని శక్తి నశించునను సంగతి క్రొత్తది కాదు. కొలిమి వద్ద పని చేయు కమ్మరికి ఇది అనుభవమే. 1600 సంవత్సరమున ఇంగ్లండు దేశపు వైద్యుడు విలియం గిల్బర్ట్ తన అయస్కాంత గ్రంథమున దీనిని వ్రాసి యుండెను. 1845లో ఫారడే మహాశయుడు సమస్త పదార్థములకును ఏదో యొక విధమైన అయస్కాంత గుణము కలదని నిరూపించెను. అప్పటినుండి పదార్థములను మూడు తెగలుగా విభజించుట పరిపాటి. ఇనుము, నికెలు, కోబాల్టు వంటివి అయస్కాంతముచే బలముగా లాగబడును. ఇవి ఫెర్రో అయస్కాంత పదార్థములు. ప్రాణవాయువు, ప్లాటినము వంటివి మిక్కిలి స్వల్పముగా లాగబడును. ఇవి పారా అయస్కాంతములు. నీరు, ఉప్పు, బిస్మతు వంటివి లాగబడుటకు మారుగా రవంత వెనుకకు నెట్టబడును. ఇవి డయా అయస్కాంతములు. 1889లో హాప్కిన్సన్ అను ఇంగ్లీషు ఇంజనీరు ఇనుము ఏ వేడిమి వద్ద తన బలమును కోల్పోవునో కొలిచి చూచెను.

ఇన్ని తెలిసియు మూలప్రశ్న మిగిలియే యుండెను. ఈ మూడు తెగలు పుట్టుకతోనే వేరా? లేక మంచుగడ్డ నీరై, నీరు ఆవిరియైనట్లు, వేడిమి మారినచో ఒక తెగ వస్తువు మరియొక తెగలోనికి మారునా? మారినచో తటాలున మారునా, క్రమక్రమముగనా? కనుగొనుటకు ఒకటే మార్గము. అన్ని తెగల పదార్థములను తీసికొని, చల్లదనము నుండి తెల్లని మంట వేడిమి వరకు కాల్చుచు, ప్రతి మెట్టు వద్దను వాని అయస్కాంత గుణమును కొలువవలెను.

చెప్పుట సులభము. డయా, పారా పదార్థములపై అయస్కాంతము చూపు బలము ఎంత స్వల్పమనగా, గాలి కదిలినను కొలత చెడును. అట్టి బలమును నిప్పుల కొలిమివంటి పాత్రలో, 1400 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కొలువవలసి యున్నది. ఇందులకు ఆయనకు లభించిన స్థలము మేడమెట్లకును ఒక ప్రయోగశాలకును నడుమనున్న నడవ. విద్యార్థులు పోవుచు వచ్చుచునుండు దారి అది. ఆ నడవలో పియర్ ఒక పెద్ద విద్యుదయస్కాంతమును నిలిపెను. దాని ధ్రువముల నడుమ విద్యుత్తుచే వేడెక్కు చిన్న కొలిమిని అమర్చెను. ఆ కొలిమిలో పరీక్షింపవలసిన పదార్థపు ముక్కను, సన్నని తీగపై వ్రేలాడు దండము కొనకు కట్టి యుంచెను. అయస్కాంతము ముక్కను లాగినను, నెట్టినను తీగ మెలిపడును. ఆ మెలిని కొలిచినచో బలము తెలియును. పరికరములన్నియు ఆయన స్వయముగ ఊహించి చేయించుకొన్నవే. సున్నితమైన త్రాసులు నిర్మించుటలో ఆయన కంటె నేర్పరి ఆ కాలమున పారిస్ నగరమున మరియొకడు లేడనుట అతిశయోక్తి కానేరదు.

నాలుగేండ్లు ఈ పని సాగెను. నీరు, సైంధవలవణము, స్ఫటికము, గంధకము, భాస్వరము, బిస్మతు, ప్రాణవాయువు, పల్లాడియము, ఇనుపలవణములు, నికెలు, అయస్కాంతశిల, చివరకు ఇనుము, ఒకటి తరువాత ఒకటి ఆ కొలిమిలోనికి పోయినవి. బాల్యమున ఒక విషయము నుండి మరియొక దానికి త్రిప్పలేని ఆ మనస్సునకు తగిన పని ఇదియే యని చెప్పవచ్చును.

ఫలితములు ఇట్లు తేలినవి. నెట్టబడు తెగ పదార్థములకు వేడిమితో దాదాపు నిమిత్తము లేదు. ఎంత కాల్చినను వాని గుణము ఇంచుమించు ఒకే తీరున నుండును. బిస్మతు మాత్రము ఇందుకు భిన్నము. వేడి యెక్కిన కొలది దాని గుణము తగ్గి, కరిగినంతనే దాదాపు మాయమగును. స్వల్పముగ లాగబడు తెగ మాట వేరు. వాని గుణము వేడిమికి విలోమముగ నడచును. అయితే ఇచ్చట వేడిమిని మామూలు సున్న నుండి గాక, పరమశూన్యము నుండి, అనగా సున్నకు 273 డిగ్రీల దిగువ నుండి లెక్కింపవలెను. ప్రాణవాయువు 27 డిగ్రీల వద్ద నున్నదనుకొందము. పరమశూన్యము నుండి లెక్కించినచో అది 300 డిగ్రీలు. దానిని 327 డిగ్రీల వరకు వేడి చేసినచో ఈ లెక్క 600 అగును. వేడిమి రెట్టింపైనది, కనుక అంతే బరువుగల వాయువును అయస్కాంతము లాగు బలము సరిగ సగమగును. ఇంత సూటియైన నియమము ప్రకృతిలో తరచుగ దొరకదు. శాస్త్రజ్ఞులు నేటికిని దీనిని క్యూరీ నియమమనియే పిలుచుచున్నారు.

ఇక ఇనుము తెగ. వేడి పెరిగిన కొలది ఇనుపముక్క తొలుత మెల్లగ, పిమ్మట వడివడిగ బలము కోల్పోవును. 770 డిగ్రీల వద్ద ఆ బలము పడిపోవును. నికెలునకు ఈ హద్దు సుమారు 358 డిగ్రీలు. కోబాల్టునకు 1120 డిగ్రీల ప్రాంతము. అయస్కాంతశిలకు 580 డిగ్రీల ప్రాంతము. హద్దు దాటిన తరువాత ఇనుము నిర్జీవము కాదు. అది రెండవ తెగలో చేరి, ప్రాణవాయువు వలె స్వల్పముగ లాగబడుచుండును. చల్లారినచో మరల మొదటి తెగకు వచ్చును. ద్రవము ఆవిరియగుటకును, ఇనుము ఈ విధముగ మారుటకును గల పోలికను పియర్ తన గీతపటములలో స్పష్టముగ చూపెను. మూలప్రశ్నకు సమాధానము దొరికినది. మొదటి తెగకును రెండవ తెగకును నడుమ గోడ లేదు, వేడిమియే దారి. మూడవ తెగ మాత్రము తనదారి తనదిగా వేరుపడి యున్నది. ఇనుము వంటి పదార్థములు తమ బలమును విడుచు ఆ హద్దునకు కాలక్రమమున క్యూరీ ఉష్ణోగ్రత యను పేరు స్థిరపడినది.

ఈ పరిశోధన ముగియుచున్న రోజులలోనే, 1894 వసంతమున, పోలండు దేశపు భౌతిక శాస్త్రజ్ఞుడొకని యింట పియర్ మేరీ స్క్లొడోవ్‌స్కాను కలిసికొనెను. పారిస్ లో చదువుకొనుచున్న ఆ పోలండు యువతికి ఒక సంఘము వివిధములగు ఉక్కుల అయస్కాంత గుణములను పరిశీలించు పని అప్పగించెను. పనికి తగిన స్థలము ఆమెకు లేదు. అయస్కాంతము విషయమెరిగిన పియర్ సహాయపడగలడని మిత్రులు వారిని కలిపిరి. ఆయనకే స్థలము లేదని పాపము వారికి తెలియదు కాబోలు! ఏమైనను ఆ పరిచయము స్నేహమైనది.

పెద్దల కోరికపై, ఆమె ప్రోత్సాహముపై పియర్ తన అయస్కాంత పరిశోధనను డాక్టరు పట్టమునకు సమర్పించెను. 1895 మార్చి నెలలో సోర్బాన్ నందు ముగ్గురు ఆచార్యుల యెదుట దానిని వివరించుచుండగా, విన్నవారిలో మేరీయు, వృద్ధుడగు తండ్రియు నుండిరి. అప్పటికాయన వయస్సు ముప్పదియారు నిండవచ్చినది. ఆ సంవత్సరమే పాఠశాలలో ఆయనకు ఆచార్య పదవి లభించెను. జూలై 26వ తేదీన వారి వివాహము ఆడంబరమేమియు లేక జరిగినది. కట్నకానుకలుగా వచ్చిన సొమ్ముతో రెండు సైకిళ్ళు కొనుక్కొని పల్లెదారుల వెంట విహరించిరి.

తరువాతి కథ లోకమెరిగినది గనుక క్లుప్తముగ చెప్పెదను. 1896లో బెక్వెరల్ యురేనియము వెలువరించు కిరణములను కనుగొనగా, మేరీ వానిని పరిశోధనాంశముగ గైకొనెను. ఆ కిరణముల వలన పుట్టు రవంత విద్యుత్తును కొలిచినది అన్నదమ్ములు చేసిన ఆ స్ఫటికపు పరికరమే. అది లేనిదే రేడియము ఆచూకి దొరకుట ఎంత ఆలస్యమయ్యెడిదో! ఫలితముల ప్రాముఖ్యమును చూచి పియర్ తన స్ఫటికముల పనిని తాత్కాలికముగ ప్రక్కన బెట్టి ఆమెతో చేరెను. 1898లో వారు పొలోనియమును, రేడియమును ప్రకటించిరి. తాత్కాలికమనుకొన్నది శాశ్వతమైనది, ఆయన స్ఫటికముల వైపునకు గాని, అయస్కాంతము వైపునకు గాని మరల రాలేదు. ఇందుకు ఆయన విచారించినట్లు కానరాదు. ఆయన అయస్కాంత గ్రంథమును చదివిన వారికి మాత్రము విచారము కలుగక మానదు.

రేడియమును వేరుచేయు విధానమునకు పేటెంటు పుచ్చుకొనుటకు దంపతులు అంగీకరింపలేదు. 1903లో బెక్వెరల్ తో కలిపి వారికి నోబెల్ బహుమానము లభించెను. ప్రభుత్వము ఇవ్వజూపిన మరియొక బిరుదమును పియర్ నిరాకరించి, తనకు కావలసినది ప్రయోగశాల యని తెలియజేసెను. 1902లో విజ్ఞాన పరిషత్తు సభ్యత్వమునకు పోటీచేసి, ఆచారము చొప్పున సభ్యుల యిండ్లకు తిరిగి, ఓడిపోయెను. 1904లో సోర్బాన్ లో ఆచార్య పదవియు, 1905లో పరిషత్తు సభ్యత్వమును వచ్చినవి. అప్పటికి ఆయన ఆరోగ్యము క్షీణించినది. రేడియము ఏమి చేయునో చూచుటకు తన చేతిపైననే దానిని ఉంచుకొని పుండు చేసికొన్న మనిషి ఆయన. ఎడతెగని కాళ్ళనొప్పులను వాతమని వైద్యులు తలచిరి. రేడియము కిరణముల పాలు అందులో ఎంత గలదో ఆనాడెవరికిని తెలియదు.

1906 ఏప్రిల్ 19వ తేదీ. పారిస్ లో వాన పడుచుండెను. పియర్ ఆచార్యుల సమావేశము ముగించుకొని, సేన్ నది వంతెన చెంత డోఫీన్ వీధిని దాటుచు, బరువైన గుఱ్ఱపు బండి యెదుట జారిపడెను. గుఱ్ఱములు ఆయనను త్రొక్కలేదు. ముందు చక్రములు తగులలేదు. వెనుక చక్రము తలపై పోయినది. నలువది యేడేండ్లు నిండుటకు ఇంకను నెలలోపు దినములు మిగిలి యుండెను. కోరిన ప్రయోగశాల ఇంకను రాలేదు. ఆ నవంబరులో మేరీ ఆయన పీఠమునుండి బోధన ప్రారంభించి, ఆయన ఆపిన పాఠము వద్దనే తిరిగి మొదలుపెట్టెను.

పియర్ నియమమును కనుగొనెనే గాని దానికి కారణమును చెప్పలేదు. ఆ పని ఆయన శిష్యుడే చేసెను. ఆ పాఠశాలలో ఆయన వద్ద చదువుకొన్న పాల్ లాంజెవాన్ 1905లో సిద్ధాంతము నొకదానిని ప్రకటించెను. పారా పదార్థములలో ఒక్కొక్క అణువు ఒక్కొక్క బుల్లి అయస్కాంతము. బయటి అయస్కాంతము వానినన్నిటిని ఒక దిక్కునకు త్రిప్పజూచును. వేడిమి వానిని చెల్లాచెదరుగా కుదుపుచుండును. కుదుపు రెట్టింపైనచో వరుస సగమగును. ఇది గురువు బ్రతికి యుండగనే జరిగినది. ఇనుము సంగతి తేల్చినది 1907లో పియర్ వైస్. అప్పటికి క్యూరీ గతించి సంవత్సరము దాటినది. ఇనుములో బుల్లి అయస్కాంతములు ఒంటరివి కావు. భజనలో ప్రక్కవాని తాళము విని మనము తాళము వేసినట్లు, ఒకదాని నొకటి చూచి ఒకే దిక్కున నిలుచును. గోల పెరిగినకొలది తాళము తప్పును. క్యూరీ ఉష్ణోగ్రత వద్ద ఇక ప్రక్కవాని తాళము వినబడదు. ప్రక్కవానిని చూచి నిలుచుట ఎందుకన్న ప్రశ్నకు మూలకారణము 1928లో నూతన క్వాంటము శాస్త్రము వలన గాని తెలియరాలేదు.

ఈ హద్దు మన యింటిలోను, మన కాలిక్రిందను కూడ కలదు. విద్యుత్తుతో అన్నము వండు కుక్కర్లు పెక్కింటి అడుగున, నూరు డిగ్రీలు దాటిన కొలది దూరములోనే బలము కోల్పోవు అయస్కాంత పదార్థపు బిళ్ళ యుండును. నీరున్నంత వరకు గిన్నె నూరు డిగ్రీలు దాటదు. నీరు ఇంకగనే వేడిమి పెరుగును. బిళ్ళ తన హద్దు చేరి పట్టు వదలును. స్ప్రింగు లాగగా మీట టక్కున పడును. వంట చేయు ఇల్లాలికి ఆ చప్పుడు అన్నము ఉడికినదని తెలుపును.

కాలిక్రింది సంగతి ఇంకను పెద్దది. వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతములందును, గోదావరి చెంత రాజమహేంద్రవరము పరిసరములందును గల నల్లరాళ్ళు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట నేల పగిలి పొంగిన నిప్పులద్రవము చల్లారి యేర్పడినవి. వానిలో అయస్కాంతశిల రేణువులు కలవు. ఆ ద్రవము చల్లారుచు రేణువుల క్యూరీ ఉష్ణోగ్రతకు దిగువకు వచ్చినపుడు, అప్పటి భూమి అయస్కాంతపు దిక్కు ఆ రేణువులలో ముద్రపడి నిలిచిపోయినది. 1950 తరువాతి దశాబ్దమున శాస్త్రజ్ఞులు దక్కను రాళ్ళ ముద్రను చదివి చూడగా, అవి పుట్టిన నాడు మన దేశము భూమధ్యరేఖకు దక్షిణమున నుండెనని తేలినది. ఖండములు కదలుచున్నవని లోకము నమ్ముటకు ఇట్టి సాక్ష్యములు ఎంతయో తోడ్పడినవి.

పియర్ క్యూరీని పారిస్ చెంతనున్న సో గ్రామపు శ్మశానమున తల్లి ప్రక్కన సమాధి చేసిరి. 1923లో మేరీ ఆయన జీవితచరిత్రను ఒక చిన్న గ్రంథముగ వ్రాసి ప్రకటించెను. 1934లో ఆమెయు అచ్చటనే సమాధి చేయబడెను. 1995 ఏప్రిల్ నెలలో ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి అవశేషములను పారిస్ లోని పాంథెయాన్ మందిరమునకు తరలించినది. ఆయన ఇరువది రెండు సంవత్సరములు పని చేసిన పాఠశాల ఆ మందిరమునకు నడచి పోదగినంత దూరముననే యున్నది.